క్రోఖ్మాల్నా వీధి ఇల్లు: కల్లోల కాలంలో పిల్లల చదువు

ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ ఉపాధ్యాయుడి జీవితం సగం తరగతి గదిలో, సగం దాతల విరాళాలతో నడిచే పిల్లల వసతిగృహంలో గడిచింది. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి అటువంటి ఒక ఇంటి చరిత్రనే విషయంగా ఎంచుకోవడం జరిగింది. ఆ ఇల్లు మనకు చాలా దూరంలో, పోలెండ్ రాజధాని వార్సాలో ఉండేది. అది ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం పిల్లల వసతిగృహం నడిపే ప్రతి ఊరిదీ.

ఊళ్లో అల్లర్లు చెలరేగితే మొదట మూతపడేది బడి. తల్లిదండ్రులున్న పిల్లవాడికి బడి పోయినా ఇల్లు మిగులుతుంది. తల్లిదండ్రులు లేని పిల్లవాడికి ఇల్లూ బడీ రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. ఆ కప్పు ఎవరో ఇచ్చిన చందాల మీద నిలబడి ఉంటుంది. బియ్యం బండి ఆగితే, చందా ఇచ్చేవారు ఊరు విడిచిపోతే, సైనికులు వచ్చి భవనం ఖాళీ చేయమంటే ఆ పిల్లలకు ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నకు వార్సాలోని ఆ ఇల్లు ముప్ఫై ఏళ్ల పాటు తన నడవడితో సమాధానం చెప్పింది. ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే పిల్లలకు మాట్లాడే హక్కు, ఫిర్యాదు చేసే హక్కు, తీర్పు చెప్పే హక్కు ఇచ్చి, వాటిని రోజువారీ అలవాటుగా మార్చగలిగిన ఇల్లే కష్టకాలంలో బడిగా నిలుస్తుంది. దాతృత్వం అన్నం పెట్టగలదు. ఆ అన్నం తినే పిల్లవాడు తనను తాను మనిషిగా లెక్కించుకోవాలంటే ఇంట్లో న్యాయం ఉండాలి. ఈ ఉపన్యాసం నిరూపించదలచుకున్నది ఇదే.

పందొమ్మిదో శతాబ్దం చివర వార్సా రష్యా సామ్రాజ్యంలో భాగం. బడుల్లో బోధన రష్యన్ భాషలో జరిగేది. పోలిష్ పిల్లలు తమ భాషను ఇంటి గోడల మధ్యనే దాచుకోవలసి వచ్చేది. ప్రభుత్వానికి తెలియకుండా ఇళ్లలో తరగతులు నడిపే ‘ఎగిరే విశ్వవిద్యాలయం’ అనే రహస్య విద్యాసంస్థ ఆ నగరంలో పుట్టింది. పోలీసులు పసిగట్టకుండా తరగతులు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతుండేవి కాబట్టి ఆ పేరు వచ్చింది. 1905లో విప్లవ జ్వాల లేచినప్పుడు పోలిష్ విద్యార్థులు రష్యన్ బడులను బహిష్కరించి, మాతృభాషలో చదువు కావాలని సమ్మె చేశారు. అంటే చదువు, అశాంతి అనేవి ఆ నగరంలో ఏనాడూ వేర్వేరు విషయాలుగా లేవు. ఆ నేల మీదే మనం చెప్పుకోబోయే వ్యక్తి పెరిగాడు.

అతని అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. సంపన్న యూదు కుటుంబం, తండ్రి న్యాయవాది. ఆ తండ్రికి మతి చలించి, చివరకు మరణించడంతో కుటుంబం ఆర్థికంగా కుప్పకూలింది. కుర్రవాడు ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపాడు, వైద్యం చదివాడు, 1898లో ఒక రచనల పోటీకి యానుష్ కోర్చాక్ అనే కలం పేరు పెట్టుకున్నాడు. ఆ పేరే స్థిరపడింది. రష్యా–జపాన్ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి వచ్చి, వార్సాలోని యూదు పిల్లల ఆసుపత్రిలో పనిచేశాడు. పేద పిల్లలకు జ్వరం తగ్గించి పంపితే తిరిగి అదే మురికివాడకు, అదే ఆకలికి వెళ్లిపోతున్నారన్న బాధ అతన్ని ఆసుపత్రి నుంచి పిల్లల ఇంటివైపు నడిపించింది. ‘అనాథలకు సహాయం’ అనే దాతృత్వ సంఘం అప్పటికే ఒక వసతిగృహం నడుపుతోంది. బెల్జియంలో చదివి వచ్చిన స్తెఫానియా విల్చిన్‌స్కా అనే యువతి అక్కడ పనిచేస్తోంది. వీరిద్దరూ కలిసి, ఆ సంఘం సేకరించిన చందాలతో, 1912 అక్టోబరులో క్రోఖ్మాల్నా వీధిలోని 92వ నంబరు స్థలంలో కొత్త భవనం తెరిచారు. దాని పేరు దోమ్ సీరోత్, అనాథల ఇల్లు.

సరిగ్గా ఆ ఏడాదే వార్సాలో యూదు వ్యాపారుల బహిష్కరణ ఉద్యమం మొదలైంది. రష్యా పార్లమెంటు అయిన డూమా ఎన్నికల వివాదం నుంచి పుట్టిన విద్వేషం అంగళ్ల దాకా పాకింది. ఈ ఇల్లు పుట్టుకే అశాంతిలో జరిగింది.

ఆ భవనం గురించి కొంత వివరంగా చెప్పాలి. ఎందుకంటే కోర్చాక్ విద్యాసిద్ధాంతం అతని పుస్తకాల్లో కంటే అక్కడి సామానులో ఎక్కువ స్పష్టంగా కనబడుతుంది. ఏడు నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లలు నూరుమందికి పైగా అక్కడ ఉండేవారు. ఎత్తైన కిటికీలున్న ఒక పెద్ద హాలు. భోజనం, చదువు, ఆట అన్నీ అందులోనే. గోడ మీద నోటీసు బోర్డు పిల్లల కళ్లకు అందే ఎత్తులో ఉండేది. ఇంకా చదవడం రాని చిన్నవాడు కూడా దాని ముందు నిలబడి, తన పేరు అందులో ఉందేమోనని వెతుక్కుంటూ అక్షరాలు నేర్చుకునేవాడు. పక్కనే ఉత్తరాల పెట్టె. పెద్దవాళ్లతో చెప్పుకోవలసిన మాట ఏదైనా ఉంటే రాసి అందులో వేయాలి, జవాబు కోసం ఆగాలి. అలా ఆగడం వల్ల కోపానికీ కోరికకూ తేడా తెలుస్తుందని, నిజంగా అడగవలసింది ఏమిటో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుందని కోర్చాక్ రాశాడు.

మరొక మూల గాజు తలుపుల అలమర ఒకటి ఉండేది. ఇంట్లో ఎక్కడ ఏ చిన్న వస్తువు దొరికినా దాని లోపల పెట్టాలి: తెగిన తాడుముక్క, గుండీ, పూస, పాత టిక్కెట్టు. పెద్దవాళ్లు చెత్త అని ఊడ్చి పారేసేవన్నీ అక్కడ యజమాని కోసం ఎదురుచూసేవి. ప్రతి పిల్లవాడికీ తాళం వేసుకునే సొంత సొరుగు ఒకటి ఉండేది. లోకంలో ఇంకేదీ తనది కాని పిల్లవాడికి గుప్పెడు రాళ్లూ రంగుకాగితాలూ ఆస్తి అని, ఆ ఆస్తిని గౌరవించని పెద్దవారికి పిల్లల నిజాయితీ గురించి మాట్లాడే అర్హత లేదని ఆ వైద్యుడి నమ్మకం. వసతిగృహాలు నడిపినవారికి ఈ మాటలోని బరువు తెలుస్తుంది. ఒకే రంగు చొక్కాలు, ఒకే రకం కంచాలు, వరుసగా పరిచిన మంచాల మధ్య ‘ఇది నాది’ అని చెప్పుకోవడానికి ఏమీ లేకుండా పెరగడం ఎలాంటి పేదరికమో బయటివారికి అంత తొందరగా అర్థం కాదు.

ఇంటి పనులన్నీ పిల్లలవే. అరగంట పని ఒక లెక్క. ఊడ్చే పనీ, గ్రంథాలయం చూసే పనీ ఒకే లెక్కలోకి వచ్చేవి. కొత్తగా వచ్చిన పిల్లవాడికి పాతవారిలో ఒకరిని మూడు నెలలపాటు సంరక్షకుడిగా నియమించేవారు. ఏడాది గడిచాక తోటి పిల్లలందరూ అతని గురించి ఓటు వేసేవారు. శనివారం పొద్దున పిల్లల బరువు తూచేవారు. ఆ లెక్కలు ముప్ఫై ఏళ్లపాటు నోటుపుస్తకాల్లో పేరుకుపోయాయి. ఇంటి వార్తాపత్రికను వారానికొకసారి అందరి ముందూ చదివేవారు. ఇరవైమంది సభ్యుల పిల్లల పార్లమెంటు సెలవులూ నియమాలూ నిర్ణయించేది.

వీటన్నిటికీ కేంద్రం న్యాయస్థానం. ఆ వారం తమ మీద ఏ ఫిర్యాదూ లేని పిల్లల్లోంచి చీటీలు తీసి అయిదుగురు న్యాయమూర్తులను ఎంచేవారు. కోర్చాక్ రాసిన శిక్షాస్మృతిలో 109 నిబంధనలు ఉన్నాయి. వాటిలో మొదటి తొంభై తొమ్మిదీ క్షమించేవే: తెలియక చేశాడు కాబట్టి, మొదటిసారి కాబట్టి, పశ్చాత్తాపపడుతున్నాడు కాబట్టి, న్యాయస్థానం విడిచిపెడుతోంది. ఆ తర్వాత నూరు నుంచి వెయ్యి దాకా నూరేసి అంకెల మెట్లు. నూరో నిబంధన కింద న్యాయస్థానం క్షమించదు, నువ్వు ఈ పని చేశావని మాత్రం చెబుతుంది. అయిదు వందలకు చేరితే పేరు పత్రికలో పడుతుంది. వెయ్యి అంటే ఇంటి నుంచి పంపివేయడం. అలా పంపిన పిల్లవాడికి కూడా మూడు నెలల తర్వాత తిరిగి చేర్చుకోమని అడిగే హక్కు ఉండేది.

ఉపాధ్యాయుడి మీద కూడా ఇక్కడ కేసు వేయవచ్చు. అర్ధ సంవత్సరంలో అయిదుసార్లు తాను ఆ న్యాయస్థానం ముందు నిలబడ్డానని కోర్చాక్ రాశాడు. ఒక పిల్లవాడి చెవి మీద కొట్టడం, ఒకడిని పడకగది నుంచి గెంటివేయడం, ఒకడిని మూల నిలబెట్టడం, ఒక న్యాయమూర్తిని అవమానించడం, ఒక అమ్మాయి మీద దొంగతనం అంటగట్టడం: ఇవీ ఆ నేరాలు. పుస్తకాల్లో పిల్లలను ప్రేమించిన మహనీయుడు నిజజీవితంలో ఒక బాలుడి చెవి మీద కొట్టాడన్న విషయం మనకు తెలుస్తున్నదంటే, ఆ విషయం చెప్పడానికి ఆ ఇంట్లో ఒక చోటు ఉండటం వల్లనే. దయగల పెద్దమనిషి ఉన్న ఇల్లు మంచిదే. అయితే ఆ పెద్దమనిషి అలసిపోయిన రోజున, విసిగిపోయిన రోజున పిల్లలకు దిక్కేమిటన్న ప్రశ్నకు దయలో జవాబు లేదు.

ఈ న్యాయస్థానం మొదటి రోజు నుంచే సవ్యంగా నడిచిందని ఎవరూ అనుకోకూడదు. కొందరు దాన్ని ఆటగా తీసుకున్నారు, కొందరు పగ తీర్చుకోవడానికి వాడుకున్నారు, ఇంకొందరు తీర్పులను లెక్కచేయలేదు. విసిగిపోయి కోర్చాక్ దాన్ని ఆపివేశాడు. నాలుగు వారాల తర్వాత మార్పులతో తిరిగి ప్రారంభించాడు. తీర్పు మీద పునర్విచారణ కోరే అవకాశం, పెద్దల మీద ఫిర్యాదు చేసే హక్కు ఆ మార్పుల్లోనే వచ్చాయి. సంస్థ తడబడినప్పుడు పిల్లల అధికారాన్ని కుదించడం సర్వసాధారణంగా జరిగే పని. ఇక్కడ దాన్ని పెంచారు. విద్యాచరిత్రలో ఈ నిర్ణయానికి దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కోర్చాక్‌ను రష్యన్ సైన్యంలోకి పిలిచారు. నాలుగేళ్లపాటు ఇల్లు స్తెఫానియా చేతిలో నడిచింది. బయట జర్మన్ ఆక్రమణ, ఆహార కొరత, అంటురోగాలు. లోపల పెరిగిన పిల్లల సంఖ్య, తరిగిన చందాలు. యుద్ధరంగంలోని ఆసుపత్రి డేరాలో కూర్చుని కోర్చాక్ ‘పిల్లవాణ్ణి ప్రేమించడం ఎలా’ అనే తన ప్రధాన గ్రంథం రాస్తున్నప్పుడు, ఆ గ్రంథంలోని ఇంటిని ప్రాణాలతో నిలబెట్టింది ఈమె. చరిత్ర పుస్తకాలు వైద్యుడి పేరు పెద్దక్షరాల్లోనూ, ఆమె పేరు చిన్నక్షరాల్లోనూ రాస్తాయి. ఈ వేదిక మీదనైనా ఆ తూకం సరిచేయాలి. గంట కొట్టి పిల్లల్ని లేపినదీ, వంటింటి లెక్క చూసినదీ, రాత్రి దగ్గుతున్న పిల్లవాడి పక్కన కూర్చున్నదీ ఆమే. దినచర్య అనే వెన్నెముకను ఆ ఇంటికి ఆమె ఇచ్చింది.

1919లో, పోలిష్ కార్మికుల పిల్లల కోసం మారినా ఫాల్‌స్కా అనే మహిళతో కలిసి కోర్చాక్ ‘నాష్ దోమ్’, అంటే ‘మన ఇల్లు’ అనే మరో వసతిగృహం స్థాపించాడు. పోలెండ్–సోవియట్ యుద్ధంలో మళ్లీ సైనిక వైద్యం, టైఫస్ జ్వరం. ఆయన నుంచి ఆ జబ్బు సోకి తల్లి మరణించింది.

తర్వాత పందొమ్మిదేళ్లు కొంత ఊపిరి తీసుకునే కాలం. 1926 అక్టోబరులో ‘మావీ ప్షెగ్లోంద్’ అనే వారపత్రిక మొదలైంది. వార్సాలోని ఒక యూదు దినపత్రికకు శుక్రవారం అనుబంధంగా వెలువడిన ఆ పత్రికకు విలేకరులు పిల్లలే. దేశంలోని పట్టణాల నుంచి బాలబాలికలు తమ బడి గురించి, వీధి గురించి, తమను తిట్టిన తోటివారి గురించి రాసి పంపేవారు. దాని చివరి సంచిక 1939 సెప్టెంబరు 1న వెలువడింది. ఆ రోజే జర్మనీ పోలెండ్ మీద దాడి చేసింది. ఈ మధ్యకాలంలోనే కోర్చాక్ రేడియోలో ‘ముసలి డాక్టరు’ పేరుతో ప్రసంగించి దేశమంతటా శ్రోతలను సంపాదించుకున్నాడు. పెరుగుతున్న యూదు వ్యతిరేకత ఒత్తిడికి 1936లో ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు.

దోమ్ సీరోత్ పిల్లలు చదువు కోసం బయటి బడులకు వెళ్లేవారు. ఇది ముఖ్యమైన విషయం. పాఠాలు అక్కడ, బతుకు నేర్చుకోవడం ఇక్కడ. ఈ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. పద్నాలుగేళ్లు నిండగానే ఇల్లు విడవాలి. చేతిలో వృత్తి లేదు. న్యాయంగా నడిచే ఇంట్లో పెరిగి, న్యాయం లేని వీధిలోకి వెళ్లవలసి వచ్చిందని పూర్వ విద్యార్థులు కొందరు తర్వాత నిష్ఠూరంగా అన్నారు. ఆ నిష్ఠూరంలో నిజం ఉంది. దాతృత్వ సంస్థలన్నీ ఎదుర్కొనే కష్టం ఇది: పిల్లవాడి బాల్యానికి చందాలు దొరుకుతాయి, అతని పదహారో ఏటికి దొరకవు.

1939 సెప్టెంబరులో వార్సా ముట్టడిలో ఫిరంగి గుళ్లు ఆ భవనం మీద కూడా పడ్డాయి. నెలాఖరుకు నగరం లొంగిపోయింది. ఆక్రమణ ప్రభుత్వం యూదు బడులను మూసివేసింది. 1940 నవంబరులో యూదులను బంధించి ఉంచే ఘెట్టో చుట్టూ గోడ పూర్తయింది. క్రోఖ్మాల్నా వీధిలోని ఇల్లు గోడకు బయట ఉండిపోవడంతో పిల్లలు దాన్ని వదిలి ఖ్వోద్నా వీధిలోని ఒక బడి భవనంలోకి మారవలసి వచ్చింది. ఆ తరలింపులో పిల్లల కోసం సమకూర్చిన బంగాళాదుంపల బండిని కాపలాదారులు లాక్కున్నారు. కోర్చాక్ మరునాడు గెస్టాపో కార్యాలయానికి వెళ్లి ఆ దుంపలు తిరిగి ఇమ్మని అడిగాడు. యూదులందరూ తప్పనిసరిగా కట్టుకోవలసిన చేతిపట్టీ కట్టుకోకుండానే వెళ్లాడు. కొట్టి, పావియాక్ జైలులో పెట్టారు. పూర్వ విద్యార్థులు డబ్బు పోగుచేసి జామీను మీద విడిపించారు.

1941 శరదృతువులో ఘెట్టో హద్దులను ఇంకా కుదించడంతో ఇల్లు మళ్లీ మారింది. ఈసారి షెన్నా, శ్లిస్కా వీధుల మధ్య భవనానికి. అప్పటికి పిల్లలు దాదాపు 200 మంది. సుమారు 3.4 చదరపు కిలోమీటర్ల స్థలంలో నాలుగు లక్షలకు పైగా జనం కుక్కబడ్డారు. పేవ్‌మెంట్ల మీద పిల్లల శవాలు కనబడటం రోజువారీ దృశ్యమైంది. కోర్చాక్ రోజూ సంచి పట్టుకుని ఇంటింటికీ, కార్యాలయాలకూ తిరిగి పిల్లలకోసం అడుక్కునేవాడు. శనివారం తూకం మాత్రం ఆగలేదు. ఒకప్పుడు ఎదుగుదలను చూపి సంతోషపెట్టిన ఆ అంకెలు ఇప్పుడు భయపెట్టసాగాయి.

అయినా ఆ ఇంట్లో పాఠాలు జరిగాయి. బయటి బడికి దారి మూసుకుపోవడంతో చదువు ఇంట్లోకే వచ్చింది. హీబ్రూ నేర్పారు. న్యాయస్థానం కూర్చుంది, పత్రిక చదివారు. శనివారాల్లో ఉపన్యాసాలు ఉండేవి. వినదలచిన విషయాలు చెప్పమంటే వచ్చిన జాబితాలో నెపోలియన్, వంశపారంపర్యం, ఒంటరితనం, కర్తవ్యం అంటే ఏమిటి, లియొనార్దో, పురుగుల జీవితాన్ని పరిశీలించిన ఫాబ్ర్ వంటివి ఉన్నాయని కోర్చాక్ డైరీలో కనబడుతుంది. రొట్టె కోసం గంటల తరబడి ఎదురుచూసే ఇంట్లో పురుగుల శాస్త్రం గురించి తెలుసుకోవాలన్న కోరిక పుట్టింది. ఆ కోరికను పుట్టించింది ఆ వారం పాఠం కాదు, అంతకు ముందటి ముప్ఫై ఏళ్ల అలవాటు.

పిల్లలు డైరీలు రాసేవారు. ఒక బాలుడు తనకు చాకు దొరికిందని, అందుకు బీదలకు పదిహేను గ్రోషీలు ఇస్తానని తనకు తాను మాట ఇచ్చుకున్నానని రాశాడు. మరో బాలుడు ఒక విధవ గురించి రాశాడు: ఇంట్లో కూర్చుని ఏడుస్తోంది, పెద్దకొడుకు గోడ అవతలి నుంచి దొంగచాటుగా ఏమైనా తెస్తాడేమోనని చూస్తోంది, పోలీసు అతన్ని కాల్చివేసిన సంగతి ఆమెకు తెలియదు. ఈ రెండు రాతలూ ఒకే గదిలో, ఒకే బల్ల మీద రాసినవి. చదువు అంటే చుట్టూ ఉన్నదాన్ని చూడటం, చూసినదానికి పేరు పెట్టడం, తనకంటే కష్టంలో ఉన్నవాడిని లెక్కలోకి తీసుకోవడం అయితే, ఈ ఇద్దరు బాలురూ ఆ ఏడు పరీక్షలో ఉత్తీర్ణులైనట్టే.

ఆ రోజుల్లోనే ఘెట్టో లోపల ఉన్న ఒక కేథలిక్ చర్చి ఫాదరుకు పిల్లలు ఒక విన్నపం రాశారు. చర్చి తోటలోకి శనివారం ఉదయం తమను రానివ్వమని అడిగారు. తమకు పచ్చదనం, గాలి కావాలని, తాము ఉండే చోటు ఇరుకని, ఉక్కపోతగా ఉందని, మొక్కలను పాడుచేయబోమని మాట ఇస్తున్నామని అందులో ఉంది. కారణం చెప్పడం, సమయం సూచించడం, హామీ ఇవ్వడం, గౌరవంగా సంతకం చేయడం: క్రోఖ్మాల్నా వీధిలో ఉత్తరాల పెట్టె దగ్గర నేర్చుకున్నవన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. యాచనకూ విన్నపానికీ మధ్య దూరం ఎంతో ఆ పిల్లలకు తెలుసు. గోడల మధ్య బంధించి, తిండి లాక్కున్నవాళ్లు ఆ ఒక్క తెలివిడిని మాత్రం లాక్కోలేకపోయారు.

1942 జులై 18న ఆ ఇంట్లో రవీంద్రనాథ్ టాగూర్ ‘డాక్ ఘర్’ నాటకం ప్రదర్శించారు. జబ్బుపడి గదిలోంచి బయటికి రాలేని అమల్ అనే బాలుడు, కిటికీలోంచి దారిన పోయేవారితో మాట్లాడుతూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. పిల్లలు మరణాన్ని ప్రశాంతంగా స్వీకరించడం నేర్చుకోవాలని కోర్చాక్ ఆ నాటకాన్ని ఎంచుకున్నాడని చెబుతారు. అది ఒక కారణం కావచ్చు. ఇంకొకటి కూడా గమనించాలి: అమల్‌కు ప్రతివారి పని మీదా ఆసక్తి ఉంటుంది. పెరుగు అమ్మేవాడి ఊరు ఎలా ఉంటుందో, కావలివాడి గంట ఎందుకు మోగుతుందో అడుగుతాడు. గోడ లోపలి పిల్లలకు ఆ నాటకంలో మరణంతో పాటు బయటి లోకం కూడా దొరికింది.

నాలుగు రోజులకు, జులై 22న, తరలింపులు మొదలయ్యాయి. ఆగస్టు మొదటి వారంలో ఆ ఇంటి వంతు వచ్చింది. తప్పించుకోవడానికి వచ్చిన అవకాశాలను కాదని కోర్చాక్, స్తెఫానియా, ఇతర సిబ్బంది దాదాపు 200 మంది పిల్లలతో కలిసి రైలుస్టేషను దాకా నడిచారు. అందరినీ త్రెబ్లింకా మరణశిబిరానికి పంపారు. ఆ వేసవిలో వార్సా నుంచి అక్కడికి పంపినవారు రెండున్నర లక్షలకు పైగా ఉంటారు.

లోకం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఆ చివరి నడకనే. సినిమాలు, శిల్పాలు, చిత్రాలు దాని చుట్టూనే అల్లుకున్నాయి. ఆ త్యాగం ముందు ఎవరైనా తల వంచవలసిందే. కానీ కోర్చాక్‌ను ఒక్క ఆగస్టు ఉదయానికి కుదిస్తే అతనికీ ఆ పిల్లలకూ అన్యాయం జరుగుతుంది. పిల్లల కోసం ప్రాణమిచ్చేవారిని లోకం ఆరాధిస్తుంది, ఎందుకంటే ఆ ఆరాధన మన నుంచి ఏమీ అడగదు. పిల్లల న్యాయస్థానం ముందు ముద్దాయిగా నిలబడిన వార్డెన్‌ను అనుకరించడం కష్టం. ఆ పని ఏ యుద్ధమూ లేని ఊళ్లో, ఇవాళే చేయవలసి ఉంటుంది.

ఆయన డైరీ దక్కింది. ఘెట్టో బయట బీయెలానీలో ఉన్న ‘నాష్ దోమ్’ భవనంలో గోడ వెనక దాన్ని దాచారు. 1958లో అది ప్రచురితమైంది. అదే ఇంట్లో మారినా ఫాల్‌స్కా యూదు పిల్లలకు కూడా ఆశ్రయమిచ్చింది. యుద్ధం తర్వాత ఆయన భావాలు మరొక మార్గంలో ప్రయాణించాయి. 1978లో బాలల హక్కుల మీద ఒక అంతర్జాతీయ ఒడంబడిక ఉండాలని పోలెండ్ ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది. ఆ మరుసటి ఏడాదిని ప్రపంచమంతా అంతర్జాతీయ బాలల సంవత్సరంగా జరుపుకుంది. 1989 నవంబరు 20న ఒడంబడిక ఆమోదం పొందింది. భారతదేశం 1992 డిసెంబరు 11న అందులో చేరింది. తనకు సంబంధించిన విషయాల్లో పిల్లవాడి మాట వినాలన్నది అందులోని పన్నెండో అధికరణం.

వార్సాలోని ఆ ఇంటి పిల్లలు బలైన 1942లోనే మన దేశంలో ఒక పోలిష్ పిల్లల ఇల్లు మొదలైంది. సోవియట్ యూనియన్‌కు బలవంతంగా తరలించిన పోలిష్ కుటుంబాల్లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న వందలాది పిల్లలకు నవానగర్ మహారాజు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సిన్హ్ జీ జామ్‌నగర్ సమీపంలోని బాలాచడిలో ఆశ్రయమిచ్చాడు. సంస్థానాధీశులు, వ్యాపార సంస్థలు, సామాన్యులు ఇచ్చిన విరాళాలు దానికి ఆధారం. దేశం క్విట్ ఇండియా ఉద్యమంలో అట్టుడుకుతున్న రోజులవి. అక్కడ పోలిష్ ఉపాధ్యాయులు పోలిష్ భాషలోనే బడి నడిపారు. స్కౌటు దళాలు, నాటకాలు, పండుగలు సాగాయి. ఆదరించినవారు తమ భాషనూ మతాన్నీ పిల్లల మీద రుద్దలేదు. దాతృత్వం ఎంత సంస్కారవంతంగా ఉండగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. ఈ పిల్లల కోసం పోలిష్ రెడ్ క్రాస్ ప్రతినిధిగా పాటుపడిన కీరా బనాసిన్‌స్కా యుద్ధం తర్వాత భారతదేశంలోనే ఉండిపోయి, తర్వాత హైదరాబాదులో స్థిరపడ్డారు. వార్సాలో ఒక కూడలికి ఇవాళ ఆ మహారాజు పేరు ఉంది.

ఈ సభలో కూర్చున్నవారిలో పిల్లల ఇళ్లు నడిపేవారు, వాటిని తనిఖీ చేసేవారు ఉన్నారు కాబట్టి చివరగా ఒక విషయం ప్రస్తావించాలి. 2015 బాలల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన ఆదర్శ నియమాలు ప్రతి సంరక్షణ సంస్థలోనూ పిల్లల కమిటీలు ఉండాలని చెబుతున్నాయి. ఆరు నుంచి పది, పదకొండు నుంచి పదిహేను, పదహారు నుంచి పద్దెనిమిది: మూడు వయసు వర్గాలకు వేర్వేరు కమిటీలు, వాటిలో సభ్యులు పిల్లలే. దినచర్య, భోజన పట్టిక, చదువు ప్రణాళిక తయారీలో వారికి పాత్ర ఉండాలి. తోటివారు గాని, సిబ్బంది గాని హింసిస్తే తెలియజేసే మార్గం ఉండాలి. గోడపత్రికలు, నాటకాలు ఉండాలి. కష్టసమయంలో ఒకరికొకరు అండగా నిలవడం కూడా ఆ జాబితాలో ఉంది. క్రోఖ్మాల్నా వీధి హాలు గోడల మీద ఉన్నవి దాదాపు అన్నీ మన చట్టం పుస్తకంలోకి వచ్చేశాయి.

కమిటీ నెలనెలా సమావేశం కావాలని, దానికి ఒక రిజిస్టరు ఉండాలని కూడా ఆ నియమాల్లో ఉంది. తనిఖీకి వెళ్లినప్పుడు స్టాకు పుస్తకం, హాజరు పట్టీ అడిగే ముందు ఆ రిజిస్టరు అడగండి. గత నెల పిల్లలు ఏం అడిగారు, దానికి ఎవరు, ఏ తేదీన జవాబిచ్చారు, సిబ్బంది మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటైనా అందులో నమోదైందా అని చూడండి. నమోదు కాకపోతే, పిల్లల్ని కూర్చోబెట్టి ఎందుకు కాలేదో వాళ్లనే అడగండి.